ఢిల్లీ–టోక్యో ఎన్ని గంటలు? విమాన దూరం, టైమ్ చెప్పే వెబ్‌సైట్ల మీద నా రివ్యూ

ముందే తీర్పు చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా వాదించుకుందాం. రెండు నగరాల పేర్లు కొడితే "విమాన దూరం ఇంత, ప్రయాణ సమయం ఇంత" అని టక్కున చూపించే వెబ్‌సైట్లు బోలెడున్నాయి కదా, వాటికి దూరం విషయంలో ఐదుకు నాలుగున్నర వేస్తా, సమయం విషయంలో ఒకటిన్నర, అది కూడా జాలిపడి. దూరం అనేది భూమి ఆకారాన్ని బట్టి వచ్చే లెక్క, ఎవరు చేసినా ఒకటే వస్తుంది. సమయం అలా కాదు. గాలి, కొండలు, దేశాల మధ్య తగాదాలు, రన్‌వే దగ్గర క్యూ, ఇవన్నీ కలిస్తే వచ్చేది సమయం. వీటిలో ఒక్కటి కూడా ఆ సైట్లకు తెలియదు, అయినా నిమిషాలతో సహా చెప్పేస్తాయి. "7 గంటల 1 నిమిషం" అట. ఆ ఒక్క నిమిషం చూస్తేనే ఒళ్లు మండుతుంది.

పరీక్ష కోసం ఢిల్లీ–టోక్యో రూటు తీసుకున్నా. ఈ సైట్లలోని లోపాలన్నీ ఒకేచోట బయటపడే రూటు ఇది. దారికి అడ్డంగా హిమాలయాలు, టిబెట్ పీఠభూమి. పైన ప్రపంచంలోనే బలమైన గాలుల ప్రవాహాల్లో ఒకటి. అటు చివర ఒక్క ఊరికి రెండు పెద్ద ఎయిర్‌పోర్టులు. గడియారాల మధ్య మూడున్నర గంటల తేడా. అదే సింగపూర్–హాంకాంగ్ లాంటి ఉత్తర దక్షిణ రూటు తీసుకుంటే దూరం సుమారు 2,560 కి.మీ., అటు వెళ్లినా ఇటు వచ్చినా నాలుగు గంటలకు అటూ ఇటూ, సైటు చెప్పే టైముకు అరగంటో ముప్పావుగంటో కలుపుకుంటే పని జరిగిపోతుంది. టైమ్ జోన్ కూడా రెండు చోట్లా ఒకటే. అలాంటి రూటు మీద పరీక్షించి "సూపర్ సైట్" అని ఐదు స్టార్లు ఇచ్చేయడం సులువే.

దూరం సంగతి త్వరగా తేల్చేస్తా, ఎందుకంటే అక్కడ పెద్దగా తిట్టడానికేం లేదు. ఢిల్లీ ఇందిరాగాంధీ ఎయిర్‌పోర్టు నుంచి టోక్యో హనేడాకు సుమారు 5,860 కి.మీ., నారిటాకు అయితే సుమారు 5,910. ఇది భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి గీత పొడవు. మ్యాపులో చూస్తే ఈ గీత తిన్నగా ఉండదు, ఉత్తరానికి ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఢిల్లీ కన్నా టోక్యో ఏడు డిగ్రీలే ఉత్తరాన ఉన్నా, ఈ గీత మధ్యలో టోక్యో కన్నా పైకి పోయి, 37వ అక్షాంశం దాకా తాకి మళ్లీ కిందికి దిగుతుంది. చైనాలోని గాన్సు ప్రావిన్సు దగ్గర సగం దూరం పూర్తవుతుంది. బల్లపరుపు మ్యాపు మీద స్కేలు పెట్టి గీసుకునే వాళ్లకు ఇది వింతగా ఉంటుంది కానీ గ్లోబు మీద దారం పట్టి లాగితే వెంటనే అర్థమైపోతుంది.

ఒక సైటుకు, ఇంకో సైటుకు పది, పదిహేను కిలోమీటర్ల తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. కొన్ని భూమిని 6,371 కి.మీ. వ్యాసార్థం ఉన్న గుండ్రని బంతి అనుకుని లెక్కగడతాయి, కొన్ని ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన అసలు ఆకారంతో లెక్కగడతాయి. రెండింటికీ తేడా మహా అయితే అరశాతం. అసలు చూసుకోవాల్సింది ఏమిటంటే, సైటు ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు కొలిచిందా, ఊరి మధ్య నుంచి ఊరి మధ్యకు కొలిచిందా అని. చాలా సైట్లు ఈ ముక్క చెప్పనే చెప్పవు. టోక్యో నడిబొడ్డు నుంచి నారిటా 60 కి.మీ. దూరం, హనేడా అయితే 15 కి.మీ. లోపే. ఢిల్లీ నుంచి వెళ్లేవాళ్లకు ముఖ్యంగా చూసుకోవాల్సింది హనేడా: జపాన్ ఎయిర్‌లైన్స్, ఏఎన్ఏ (ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్) రెండూ ఢిల్లీ నుంచి అక్కడికి విమానాలు నడుపుతాయి, ఎయిర్ ఇండియా కూడా 2025 మార్చి చివర్లో నారిటా వదిలేసి హనేడాకు మారింది. నేను చూసిన వాటిలో ఒక సైటు ఇంకా టోక్యో అంటే నారిటా అనే పట్టుకుని కూర్చుంది.

యూనిట్ల గోల కూడా ఉంది. మైలు అని రాసి ఊరుకుంటారు, అది ఏ మైలో చెప్పరు. మామూలు మైలు 1.609 కి.మీ., విమానాల వాళ్లు, ఓడల వాళ్లు వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ. ఢిల్లీ–హనేడా మామూలు మైళ్లలో 3,640 దాకా వస్తుంది, నాటికల్ మైళ్లలో 3,160 చిల్లర. రెండు సైట్లలో ఈ రెండు అంకెలు చూసి "ఏది కరెక్టు?" అని వాట్సాప్ గ్రూపులో గంటసేపు కొట్టుకునే జనాన్ని చూశా. రెండూ కరెక్టే బాబూ.

ఇంకో చిన్న జాగ్రత్త, మన వాళ్లకు ప్రత్యేకంగా. హైదరాబాద్ అని కొట్టేటప్పుడు డ్రాప్‌డౌన్‌లో ఏది వచ్చిందో ఒకసారి చూసుకోండి. పాకిస్తాన్ సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, దానికీ ఎయిర్‌పోర్టు ఉంది, కోడ్ హెచ్‌డీడీ. మనది హెచ్‌వైడీ. ఊరి పేరుతో కాకుండా మూడక్షరాల కోడ్‌తో వెతికితే ఈ తలనొప్పి ఉండదు. టోక్యోకు అయితే టీవైఓ అని ఊరు మొత్తానికి కలిపి ఒక కోడ్ ఉంటుంది, టికెట్ వెతకడానికి అది బాగుంటుంది, దూరం కొలవడానికి మాత్రం హెచ్ఎన్‌డీ అనో ఎన్ఆర్‌టీ అనో విడిగా కొట్టాలి.

సరే, ఇక అసలు గొడవ. ఈ సైట్లు సమయం ఎలా లెక్కగడతాయో తెలుసా? దూరాన్ని గంటకు 800 నుంచి 900 కి.మీ. మధ్య ఏదో ఒక వేగంతో భాగించి, టేకాఫ్‌కూ ల్యాండింగ్‌కూ కలిపి ఒక అరగంట వేస్తాయి. అంతే. 5,860ని 900తో భాగిస్తే ఆరున్నర గంటలు, దానికి అరగంట కలిపితే ఏడు. మీరు ఊళ్ల పేర్లు తిప్పి, టోక్యో నుంచి ఢిల్లీకి అని కొట్టినా అదే ఏడు. జనవరిలో చూసినా ఏడే, జూలైలో చూసినా ఏడే.

వాస్తవం ఏమిటంటే, ఢిల్లీ నుంచి టోక్యోకు నాన్‌స్టాప్ విమానం షెడ్యూలులో సుమారు ఏడున్నర నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణం చలికాలంలో తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది గంటల దాకా పోతుంది. అదే విమానం, అదే రెండు ఊళ్లు. పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ రెండు గంటల తేడా. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వచ్చేవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ రెండు గంటలు ఎంతో చెప్పక్కర్లేదు. ఈ ఒక్క ముక్క చెప్పని సైటు ఇంకేం చెప్పి ఏం లాభం?

కారణం గాలి. విమానాలు తిరిగే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఒక గాలి నదిలా పారుతుంటుంది, దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని ఒక పాయ హిమాలయాలకు దక్షిణంగా, ఉత్తర భారతం మీదుగా పోతుంది. జపాన్ దగ్గరకొచ్చేసరికి మహా ఉధృతంగా ఉంటుంది, గంటకు 200, 300 కి.మీ. వేగం అక్కడ పెద్ద వింతేం కాదు. తూర్పుకు పోయే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, పడమరకు వచ్చే విమానానికి ఎదురు నిలబడుతుంది. ఎండాకాలం చివరికల్లా ఈ పాయ టిబెట్‌కు ఉత్తరంగా జరిగిపోతుంది, అందుకే వానాకాలంలో అటూ ఇటూ తేడా తగ్గుతుంది.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. ఈ గాలిని శాస్త్రీయంగా మొదట కొలిచిన వాళ్లలో ఒకడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషీ. టోక్యోకు దగ్గర్లోని తతెనోలో బెలూన్లు వదిలి, 1920లలోనే ఆకాశంలో ఈ ప్రచండమైన గాలి ఉందని రాశాడు. 1926లో వచ్చిన ఆ నివేదికను ప్రపంచమంతా చదవాలని ఎస్పెరాంతో అనే కృత్రిమ అంతర్జాతీయ భాషలో రాశాడు పాపం, దాంతో బయట దాదాపు ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో టోక్యో మీదికి వచ్చిన అమెరికా బీ-29 విమానాల వాళ్లకు ఈ గాలి చుక్కలు చూపించింది. జపాన్ వాళ్లేమో అదే గాలిలో 1944–45లో తొమ్మిది వేలకు పైగా బాంబు బెలూన్లు పసిఫిక్ దాటించి అమెరికా మీదికి వదిలారు. అంటే టోక్యో మీద గాలి సంగతి తెలిసి వందేళ్లయింది. మన వెబ్‌సైట్లకు ఇంకా తెలియలేదు.

"పోయేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది, సగటున ఏడు గంటలే కదా" అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు, అందుకే లెక్క కూడా వేసి చూపిస్తా. విమానం సొంత వేగం గంటకు 900, గాలి 150 అనుకుందాం. దారి 6,300 కి.మీ. అనుకుందాం, అంత ఎందుకో కింద చెప్తా. పోయేటప్పుడు వేగం 1,050, టైమ్ సరిగ్గా ఆరు గంటలు. వచ్చేటప్పుడు వేగం 750, టైమ్ 8 గంటల 24 నిమిషాలు. గాలి లేకపోతే ఏడు గంటలు. అంటే పోయేటప్పుడు ఒక గంట మిగిలింది, వచ్చేటప్పుడు 84 నిమిషాలు పోయాయి. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు, గాలికి ఎదురు పోయే సేపు ఎక్కువ కాబట్టి ఆ నష్టం కూడా ఎక్కువసేపు నడుస్తుంది. దీనికి టాక్సీయింగ్ (గేటు, రన్‌వే మధ్య నేల మీద నడవడం), విమానం పైకి ఎక్కడం, కిందికి దిగడం కలిపితే మనకు షెడ్యూలులో కనిపించే అంకెల దగ్గరకు వచ్చేస్తాం.

ఇంకా తమాషా ఏమిటంటే, టికెట్ మీద టైములు చూస్తే బొమ్మ పూర్తిగా తలకిందులుగా కనిపిస్తుంది. ఉదాహరణకు ఢిల్లీలో రాత్రి 8 గంటలకు ఎక్కి టోక్యోలో పొద్దున 7కు దిగారనుకోండి. చూడ్డానికి పదకొండు గంటలు. టోక్యోలో పగలు 11కు ఎక్కి ఢిల్లీలో సాయంత్రం ఐదున్నరకు దిగారనుకోండి. చూడ్డానికి ఆరున్నర గంటలు. జపాన్ టైమ్ మనకన్నా మూడున్నర గంటలు ముందు కాబట్టి అసలు లెక్క ఏడున్నర, పది. అంటే టికెట్ కాగితం మీద పోయేది చాలా ఎక్కువ, వచ్చేది చాలా తక్కువ. నిజంలో పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ. వెబ్‌సైట్‌లో రెండూ సమానం. ఒక్క ప్రయాణానికి మూడు రకాల సమాధానాలు, ఇక జనం తికమక పడకుండా ఎలా ఉంటారు. అదృష్టం ఏమిటంటే ఇండియాలోనూ జపాన్‌లోనూ ఎండాకాలం గడియారం ముందుకు జరిపే అలవాటు లేదు, ఏడాదంతా మూడున్నరే.

దారి 6,300 అని ఎందుకన్నానో ఇప్పుడు చెప్తా. వెబ్‌సైట్ చూపించే ఆ అందమైన వంపు గీత ఢిల్లీ నుంచి ఈశాన్యంగా నేరుగా హిమాలయాల మీదకు ఎక్కి, టిబెట్ పీఠభూమి మీదుగా పోతుంది. ప్యాసింజర్ విమానాలు మామూలుగా ఆ దారి పట్టవు. విమానం హిమాలయాల కన్నా ఎత్తులోనే ఎగురుతుంది కదా, మరి భయం దేనికి అని అడుగుతారు. ఎత్తు సమస్య కాదు, కిందికి దిగాల్సి వస్తే సమస్య. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే విమానాన్ని పది వేల అడుగుల దగ్గరకు దింపాలి, అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి ఆడుతుంది. పైనుంచి వేలాడే ఆ మాస్కుల్లో ఆక్సిజన్ మామూలుగా పావుగంట, ఇరవై నిమిషాల లోపు మాత్రమే వస్తుంది. టిబెట్‌లో నేలే సగటున 14, 15 వేల అడుగుల ఎత్తులో ఉంది, అదీ వందల కిలోమీటర్ల పొడవునా. దిగడానికి చోటే లేదు. అందుకని విమానాలు మామూలుగా హిమాలయాలకు దక్షిణంగా తూర్పుకు వెళ్లి, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు నుంచి చైనాలోకి పోయి అటునుంచి జపాన్ చేరతాయి. ఢిల్లీ–కున్మింగ్–షాంఘై–టోక్యో అని ముక్కలు ముక్కలుగా కొలిస్తే సుమారు 6,300 కి.మీ. వస్తుంది, సైటు చెప్పిన 5,860 కన్నా నాలుగు వందల పైన. అసలు దారి రోజూ ఒకేలా ఉండదు, గాలిని చూసుకుని విమానయాన సంస్థ ప్లాన్ మారుస్తూ ఉంటుంది. పోయేటప్పుడు గాలి ఎక్కువున్న చోటు వెతుక్కుంటారు, వచ్చేటప్పుడు దాన్ని తప్పించుకుంటారు. దూరం పెరిగినా సరే ఇంధనం తగ్గితే చాలు వాళ్లకు.

దూరానికి నాలుగున్నర మార్కులు వేసి ఇప్పుడు ఇదేంటి అంటారా. ఆ దూరం తప్పు కాదు, విమానం తిరిగే దూరం అని మనం అనుకోవడంతోనే వస్తుంది చిక్కు. సైటులో ఒక్క లైను రాస్తే సరిపోయేది, రాయరు.

కొండలు కనీసం కదలవు. దేశాల మధ్య గొడవలు రాత్రికి రాత్రే మ్యాపు మార్చేస్తాయి. ఢిల్లీ నుంచి తాష్కెంట్ కొట్టి చూడండి, దూరం 1,600 కి.మీ. లోపు, సైటు రెండుంబావు, రెండున్నర గంటలు చూపిస్తుంది. కానీ ఆ గీత పాకిస్తాన్ మీదుగా పోతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత విమానాలకు తన గగనతలం మూసేయగానే, ఇండిగో ఢిల్లీ నుంచి తాష్కెంట్, అల్మాటీ సర్వీసులే ఆపేయాల్సి వచ్చింది, చుట్టూ తిరిగి పోయేంత దూరం ఆ విమానాలకు అందదు. సైటులో మాత్రం ఇప్పటికీ అదే గీత, అదే టైమ్. గల్ఫ్‌లో ఉన్న మన వాళ్లకు ఇంకో ఉదాహరణ బాగా గుర్తుండే ఉంటుంది. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాక, దోహా నుంచి దుబాయ్‌కి నేరుగా విమానమే లేకుండా పోయింది. గట్టిగా 400 కి.మీ. కూడా లేని దూరానికి మస్కట్ మీదుగానో కువైట్ మీదుగానో తిరిగి పోయారు జనం. 2021 జనవరిలో మళ్లీ మామూలైంది. ఆ మూడున్నరేళ్లూ ఏ క్యాలిక్యులేటర్‌ను అడిగినా గంట లోపే అని చెప్పి ఉండేది.

దగ్గరి రూట్లలో ఇంకో రకం తేడా. కౌలాలంపూర్–సింగపూర్ దాదాపు 300 కి.మీ., ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే అంతర్జాతీయ రూట్లలో ఒకటి. సైటు యాభై నిమిషాలంటుంది. టికెట్ మీద గంట దాటి ఉంటుంది, ఎందుకంటే టికెట్ మీద టైమ్ గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, క్యూలో నిలబడటం, దిగే ముందు గాల్లో చక్కర్లు, కాస్త ఆలస్యమైనా టైముకే వచ్చాం అనిపించుకోవడానికి కంపెనీ ముందే కలుపుకునే నిమిషాలు, అన్నీ అందులో ఉంటాయి. ఎనిమిది గంటల ప్రయాణంలో ఇవి పెద్దగా తెలియవు. గంట ప్రయాణంలో ఇవే సగం.

ఆ సైట్లలో మిగతా సరుకు గురించి ఒక్క మాట. అన్నిటికన్నా నన్ను విసిగించింది పేజీ నిండా అచ్చు గుద్దినట్టు ఉండే మాటలు. "ఢిల్లీ నుంచి టోక్యోకు విమానంలో ఎంతసేపు పడుతుంది?" అనే ఒకే ప్రశ్నను ఐదు రకాలుగా అడిగి ఐదుసార్లు అదే జవాబు. మధ్యలో హోటల్ యాడ్లు. ఒకదానిలో అయితే రోడ్డు మీద ఢిల్లీ–టోక్యో దూరం కూడా ఇచ్చారు, సముద్రం ఏం చేశారో మరి. ఫోన్‌లో తెరిస్తే క్లోజ్ బటన్ వేలికి దొరకనంత చిన్నది.

మరి ఏది వాడాలి? నాకు నచ్చినవి చెప్తా. ఉత్తి దూరం కావాలంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్. చూడ్డానికి పాతకాలం సైటు, రంగులూ హంగులూ లేవు, కానీ ఎయిర్‌పోర్టు కోడ్‌లు కొడితే శుభ్రంగా దూరం చెప్పి గీత గీసి చూపిస్తుంది. మధ్యలో మజిలీలు కూడా కలిపి కొట్టొచ్చు. ఢిల్లీ–బ్యాంకాక్–టోక్యో అయితే దాదాపు 7,540 కి.మీ., నేరుగా పోయేదానికన్నా దాదాపు 30 శాతం ఎక్కువ అని ఇలాగే తెలుస్తుంది. దీనికి ఐదుకు ఐదు.

టైమ్ కావాలంటే గూగుల్ ఫ్లైట్స్. టికెట్ కొనకపోయినా పర్లేదు, తేదీ వేసి నాన్‌స్టాప్ అని ఫిల్టర్ పెడితే విమానయాన సంస్థలు ప్రకటించిన అసలు షెడ్యూలు వస్తుంది, టైమ్ జోన్ లెక్క వాళ్లే చూసుకుంటారు. పోయేది, వచ్చేది విడివిడిగా చూడండి. జనవరిలో ఒక తేదీ, జూలైలో ఒక తేదీ వేసి పోల్చితే గాలి ప్రభావం మీకే కనిపిస్తుంది. లోపం ఏమిటంటే, ఏదైనా రూటులో నేరుగా విమానం లేకపోతే మీకు వచ్చేవన్నీ మజిలీలతో కూడిన పద్దెనిమిది, ఇరవై గంటల అంకెలే, వాటి నుంచి గాల్లో గడిపే సమయం ఎంతో విడదీసి చూసుకోవాలి. నాలుగు మార్కులు.

ఇంకా లోతుగా చూడాలనే పిచ్చి ఉంటే ఫ్లైట్‌రాడార్24. ఫ్లైట్ నంబరు కొడితే గత కొన్ని రోజుల్లో అది నిజంగా ఎప్పుడు ఎగిరింది, ఎప్పుడు దిగింది, ఏ దారిన పోయింది అన్నీ ఉంటాయి. హిమాలయాలను ఎలా పక్కన పెట్టి పోతుందో మ్యాపు మీద చూస్తుంటే టైమే తెలియదు. షెడ్యూలులో ఎనిమిది గంటలున్న విమానం చలికాలంలో గాలి బాగా కలిసొస్తే ఆరున్నర, ఏడు గంటల్లో చేరిపోవడం కూడా కనిపిస్తుంది. పాత రికార్డులు ఎక్కువ కావాలంటే డబ్బు కట్టాలి, మామూలు వాళ్లకు ఉచితంగా వచ్చేదే ఎక్కువ. దీనికి నాలుగున్నర.

ఈ మూడూ కూడా చెప్పనిది ఒకటుంది, ఇంటి నుంచి ఇంటికి ఎంతసేపు అనేది. ఢిల్లీలో అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు వెళ్లాలి, డిసెంబరు, జనవరిలో పొగమంచు ఉంటే ఆ పైన దేవుడి దయ. విమానం ఏడున్నర, ఎనిమిది. హనేడాలో ఇమిగ్రేషన్, లగేజీకి ఒక గంట వేసుకోండి. అక్కడి నుంచి మోనోరైలు ఎక్కితే టోక్యో ఊళ్లోని హమమత్సుచో స్టేషన్‌కు పావుగంట, ఇరవై నిమిషాలు. అదే నారిటాలో దిగే విమానమైతే ఎక్స్‌ప్రెస్ రైల్లో టోక్యో స్టేషన్‌కు దగ్గర దగ్గర గంట. మొత్తం కలిపితే పన్నెండు, పదమూడు గంటలు. హనేడా, నారిటా మధ్య టికెట్ ధరలో తేడా చిన్నదైతే నేనైతే కళ్లు మూసుకుని హనేడా తీసుకోమంటా, ముఖ్యంగా రాత్రి పొద్దుపోయాక దిగే విమానం అయితే, ఎందుకంటే అర్ధరాత్రి దగ్గర పడే కొద్దీ నారిటా నుంచి ఊళ్లోకి రైళ్లు దొరకడం కష్టం.

తిరుగు ప్రయాణానికి పగటి విమానం దొరికితే అదే మేలు అని నా అభిప్రాయం. పది గంటలు ఎలాగూ తప్పవు, సూర్యుడు కూడా మనతోపాటే పడమరకు వస్తుంటాడు కాబట్టి పగలు సాగుతూనే ఉంటుంది, సాయంత్రానికి ఢిల్లీలో దిగి రాత్రికి మామూలుగా పడుకోవచ్చు. దిగాక వెంటనే ఇంకో ఊరికి కనెక్టింగ్ ఫ్లైట్ బుక్ చేసుకునేవాళ్లు మాత్రం క్యాలిక్యులేటర్‌లో కనిపించిన ఆ ఏడు గంటలను లెక్కలోకి తీసుకోకండి. ఎదురుగాలి బలంగా ఉన్న రోజు షెడ్యూలు కన్నా ఇంకో అరగంట ఆలస్యం కావొచ్చు. మధ్యలో కనీసం మూడున్నర, నాలుగు గంటలు ఉండేలా చూసుకోండి, రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండేలా కొంటే ఇంకా మంచిది, అప్పుడు మొదటి విమానం లేటై రెండోది తప్పినా ఇంకో విమానంలో సర్దాల్సిన బాధ్యత వాళ్లదే.